నా నోటి మీద బొట్టు

నేను ఒక మానిటర్ని. ఆపరేషన్ గదిలో మత్తులో పడుకున్న మనిషి తలాపున నిలబడి, ఆ మనిషి గుండె ఎలా నడుస్తోందో నలుగురికీ చెప్పడం నా వృత్తి. తెర మీద ఆకుపచ్చ గీత గీస్తాను, పక్కన అంకె వేస్తాను, గుండె కొట్టిన ప్రతిసారీ 'టింగు' మంటాను. గుండె దారి తప్పితే గొంతు చించుకుంటాను. ఇంత బాధ్యత మోసేదాన్ని అందరూ నెత్తిన పెట్టుకుంటారని మీరు అనుకోవచ్చు. నా ఒంటి మీద అందరూ ఎక్కువగా నొక్కే మీట ఏదో చెప్పనా? నా నోరు మూయించే మీట. దాని మీది బొమ్మ అరిగిపోయి చాలాకాలమైంది.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే నన్ను పరీక్షించడానికి ఒక ఉత్తుత్తి గుండెను తగిలించారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె అది. నిమిషానికి అరవై అంటే అరవై, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. దానికి భయం లేదు, కోపం లేదు, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలు లేరు. మనుషుల గుండెలన్నీ ఇలాగే ఉంటాయి కాబోలనుకుని సంబరంగా ఓడ ఎక్కాను.

ఆ భ్రమ హైదరాబాదులో దిగిన రోజే వదిలింది. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు నన్ను ఐసీయూలో పెట్టారు. అక్కడ నా బాధ రోగులతో కాదు, చూడవచ్చే చుట్టాలతో. నా ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు, ప్రతివాడూ డాక్టరైపోయేవాడు. ఒకాయన తన తోడల్లుడి గుండె డెబ్బై నాలుగు నుంచి డెబ్బై రెండుకి పడిపోయిందని ఊళ్లో ఉన్నవాళ్లందరినీ కార్లెక్కించి రప్పించాడు. వాళ్లు వచ్చేసరికి రోగి ఇడ్లీ తింటున్నాడు. అందరూ నా వంక గుర్రుగా చూశారు.

నాకంటే సన్నంగా, నాజూగ్గా ఉండే మానిటర్లు వచ్చాక నన్ను ఏలూరులో ఒక కంటి ఆసుపత్రికి అమ్మేశారు. కంటి దగ్గర గుండెతో ఏం పనిలే, ఇక విశ్రాంతే అనుకున్నాను. అక్కడే నేనొక వింత నేర్చుకున్నాను. మెల్లకన్ను సరిచేయడానికి డాక్టరుగారు కంటి పక్కనున్న కండరాన్ని కాస్త లాగేసరికి, ఎక్కడో ఛాతీలో ఉన్న గుండె బ్రేకు తొక్కినట్టు నెమ్మదించేది. ముఖమంతటికీ కాపలాదారులా ఉండే ఒక నరం ఉందట. దాన్ని కదిపితే అది వెళ్లి గుండె మీద చాడీలు చెబుతుంది. గుండె అలిగి కూర్చుంటుంది. అక్కడి డాక్టరుగారు పెద్దాయన, నిదానస్తుడు. నా టింగుల మధ్య సందు పెరగ్గానే లాగుతున్న కండరాన్ని వదిలేసి, "అలిగిందర్రా, కాసేపు ఆగుదాం" అనేవారు. వదిలిన కాసేపటికి గుండె తనంతట తనే దారికొచ్చేది. చేస్తున్న పని ఆపడమే మొదటి మందు, సూదిమందు ఆ తర్వాత. ఆయన చేతికి ఆ సంగతి అలవాటు. నా మాట విన్న మొదటి మనిషి ఆయన. ఆయన రిటైరయ్యాక అక్కడ నా రోజులూ తీరిపోయాయి.

మూడో కాపురం రాజమండ్రిలో. మెదడు రక్తనాళాలకి తల కొయ్యకుండా వైద్యం చేసే చిన్న ఆసుపత్రి. తొడ దగ్గర సూది గుచ్చి, వెంట్రుకంత సన్నటి గొట్టాన్ని రక్తనాళం లోపలి నుంచే తల దాకా పంపిస్తారు. ఎక్కడో రక్తం దారి తప్పి పారుతుంటే ఆ గొట్టంలోంచి జిగురు మందు తోసి అక్కడ కట్ట వేస్తారు. ఇదంతా చేసేది డాక్టర్ ప్రభంజన్. చెయ్యి బంగారం, చెవులు మాత్రం అలంకారానికి. నా టింగు వింటే ఆయనకి ఏకాగ్రత చెడుతుందట. మత్తు ఇచ్చేది డాక్టర్ హైమవతి. ఎక్స్‌రే నడుస్తున్నంతసేపూ ఆవిడ అద్దం అవతల నిలబడాలి కాబట్టి రోగిని కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండేది. అంటే నా గొంతుతో. నాకు ఆవిడంటే ఇష్టం.

ఇక కామేశం. మా గది టెక్నీషియన్. యంత్రాలంటే ప్రాణం. ఎక్స్‌రే యంత్రం మొరాయిస్తే ముందు దానికి దణ్ణం పెట్టి, తర్వాత కంపెనీకి ఫోను చేస్తాడు. చాలాసార్లు ఫోను అవసరం పడేది కాదు. అలాంటివాడు ఆయుధపూజ నాడు ఊరుకుంటాడా? గదంతా కడిగించి, ప్రతి యంత్రానికీ గంధం రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పాడు. నా దగ్గరికొచ్చి మాత్రం ఆగిపోయాడు. నా మొహమంతా తెరే. తెర మీద పెడితే అంకెలు కనబడవని డాక్టరమ్మ కోప్పడుతుంది. నా నుదురు ఎక్కడుందా అని అటూ ఇటూ చూసి, తెర కింద గుండ్రంగా చిల్లులు చిల్లులుగా ఉన్న చోటు కనిపెట్టాడు. కంపెనీవాడు బొట్టు కోసమే అమర్చినట్టుందని ముచ్చటపడి, అక్కడ మందంగా గంధం మెత్తి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ అద్దాడు.

అది నా నోరు.

సాయంత్రానికి గంధం చిల్లుల్లో దిగి గట్టిపడింది. నా గొంతు దుప్పటి ముసుగులో చిక్కిన దోమ గొంతులా తయారైంది.

"కామేశం, ఆ బొట్టు తుడిచెయ్యి. నాకు సరిగ్గా వినబడట్లేదు" అంది హైమవతి మర్నాడే.

"ఇయ్యాళ శుక్రవారం కదా మేడం" అన్నాడు కామేశం.

శుక్రవారం వెళ్తే శనివారం, దాని తర్వాత అతని సెలవు, ఆ తర్వాత పౌర్ణమి. సిస్టర్ సలోమి తలుచుకుంటే దూదితో ఒక్క క్షణం పని. "నేను తుడిస్తే బాగోదు మేడం. రేపు ఏ మిషను పాడైనా సలోమి బొట్టు చెరిపింది గనకే అంటారు" అని ఆవిడ తప్పుకుంది. చివరికి హైమవతే చెయ్యి చాపింది. పెద్ద చదువులు చదివిన మనిషి, రోజుకి ఇద్దరు ముగ్గురిని నిద్రపుచ్చి లేపే మనిషి. చాపిన చెయ్యి బొట్టు దాకా వచ్చి ఆగింది. ఎర్రటి కుంకుమని వేళ్లతో చెరపడానికి ఆవిడకి మనసొప్పలేదు. "రాలిపోతుందిలే" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్రభంజన్ గారు ఒక్కరే పరమానందంగా ఉన్నారు. ఇన్నాళ్లకి గది గదిలా ఉందన్నారు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు సూర్యచంద్రం.

సూర్యచంద్రం పెళ్లిళ్లలో డోలు వాయించే మనిషి. మండపేట వైపు ఊరు. చెయ్యి వేస్తే పందిరి గుంజలు కూడా తలూపుతాయని పేరు. ఏడాదిగా ఆయన కుడి చెవిలో ఒక హోరు మొదలైంది. ఉత్త హోరు కాదు, గుండె కొట్టినప్పుడల్లా ఒక హోరు. తలలో రక్తం ఒక అడ్డదారి చేసుకుని చెవి వెనక నుంచి పారుతుండటమే దానికి కారణమని ప్రభంజన్ గారు ఫోటోలు తీసి తేల్చారు. వదిలేస్తే ఏదో ఒకరోజు ఆ దారి చిట్లి మెదడులో రక్తం చిమ్మవచ్చని కూడా చెప్పారు. సూర్యచంద్రానికి ఆ భయం కంటే వేరే బాధ ఎక్కువగా ఉంది. మత్తు ఇవ్వబోయే ముందు బల్ల మీద పడుకుని హైమవతికి మొత్తం చెప్పుకున్నాడు.

"నా గుండే నాకు తాళం ఏసేత్తందండి. ఆయ్. నేనొకటి వాయిద్దామంటే అది ఇంకోటి కొడతది. సెవిలోనే కూకుంది కదండీ, దాని మాటే నెగ్గుతది. మొన్న మాఘంలో పెళ్లి మేడ మీద పెట్టారండి. మెట్లెక్కేసరికి గుండి దడదడా కొట్టేసింది. నా సెయ్యి దాని ఎనకాలే పోయింది. మా బావమరిది సన్నాయి వాయిత్తాడు, ఆడికి ఊపిరందక కళ్లు తేలేశాడు. పంతులుగారు మంత్రాలు మింగేశారు. పెళ్లికొడుకు కంగారు పడి మూడు ముళ్లూ ఒక్క గుక్కలో ఏసేశాడండి."

"తర్వాత?" అంది హైమవతి, నవ్వు ఆపుకుంటూ.

"తర్వాతేముందండి. బోజనాలయ్యాక అప్పగింతల పాట. కడుపు నిండా తిన్నాను కదా, గుండి నెమ్మదైపోయింది. పాట సాగీ సాగీ బస్సు ఎల్లిపోయింది." ఆయన గొంతు తగ్గింది. "మా బావమరిది ఇప్పుడు ఓ కరెంటు పెట్టి కొన్నాడండి. మీట నొక్కితే అదే డోలు వాయిత్తది. తాళం తప్పదంట. కార్తీకం ముహూర్తాల్లోపు నువ్వు బాగుపడితే సరి, లేపోతే ఈ పెట్టితోనే ఎల్లిపోతానన్నాడు. ఈ హోరు తీసెయ్యండమ్మా. నా సెయ్యి నాకిచ్చెయ్యండి."

ఆ కరెంటు పెట్టె దూరపు వరసలో నా జాతిదే. ఒక పెట్టె మనిషి చేతి పని లాక్కుంటోందని విని నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు నా తెర మీద కనబడే ఏర్పాటు లేదు.

ఆయన నిద్రపోయాడు. గొట్టం తొడ నుంచి బయలుదేరి గుండె పక్కగా, మెడ మీదుగా, మెదడు మీది పొరలోకి చేరింది. అందరూ అద్దం అవతలికి వెళ్లారు. సీసపు యాప్రాన్ తొడుక్కున్న ప్రభంజన్ గారు ఒక్కరే బల్ల దగ్గర. జిగురు మందు కంటే ముందు ఒక ద్రావకాన్ని తోయాలి, దారి తడపడానికి. ఆయన బొటనవేలు సిరంజి మీద ఆనింది.

ఆ పొరలో ఏ నరం కొసలున్నాయో తెలుసా మీకు? ఏలూరులో నేను చూసిన ఆ చాడీకోరు నరానివే. ద్రావకం తగలగానే అది రగిలింది. నా అంకె డెబ్బై నుంచి యాభైకి దిగింది. తర్వాత ముప్పై అయిదు. నేను అరిచాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. గంధం అవతల నుంచి చిన్న 'గుయ్' మని వచ్చింది. ఏసీ చప్పుడు అంతకంటే నయం.

అద్దం అవతల హైమవతి నా మాట వినబడక కళ్లు చికిలించి తెర చూస్తోంది. అంకె ఎరుపెక్కడం చూసి మైకులో అంది: "హార్ట్ రేట్ పడిపోతోంది. ఆపండి."

"ఛాతీ మీది లీడ్ వైరు ఊడి ఉంటుంది మేడం" అన్నారు ప్రభంజన్ గారు, తన ఫోటో మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ డబ్బా సంగతి తెలిసిందే కదా. దసరా నుంచి దానికి గంధం తలకెక్కింది."

బొటనవేలు ఇంకా సిరంజి మీదే ఉంది. నా గీత చదునైపోయింది. గుండె కొట్టనప్పుడు టింగుమనడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అంతకుముందు ఎన్నో గీతలు చదునవడం చూశాను, వాటిలో కొన్ని మళ్లీ లేవలేదు. నాకు నిజంగా భయమేసింది.

హైమవతి తలుపు తోసుకుని లోపలికొచ్చి సూర్యచంద్రం మణికట్టు పట్టుకుంది.

"పల్స్ లేదు. చెయ్యి తియ్యండి."

అరవలేదు. మామూలుగానే అంది. ఆ మామూలు గొంతు విని ప్రభంజన్ గారి వేలు కాలినట్టు పైకి లేచింది. గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు, సూర్యచంద్రం తప్ప. ఆయన చేత వెంటిలేటర్ పీల్పిస్తోంది. హైమవతి రెండో చెయ్యి ఆయన ఛాతీ మీదికి వెళ్లింది, నొక్కడానికి సిద్ధంగా. వెనకే వచ్చిన సలోమి, గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ముందే నింపి పెట్టుకున్న సిరంజితో పక్కన నిలబడింది.

గీత ఒకచోట ఉబ్బింది. ఒక్క టింగు. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత గుండెకి ఇల్లు గుర్తొచ్చినట్టుంది, వరసగా రావడం మొదలుపెట్టింది. సలోమి మందు ఎక్కించింది. అంకె మెల్లగా ఎనభై దాకా పాకింది.

ప్రభంజన్ గారు స్టూలు మీద కూలబడ్డారు. "ఈ చోట ఇలా జరుగుతుందని చదివాను. నాకెప్పుడూ రాలేదు."

"మీకు రాలేదు. ఆయనకొచ్చింది" అంది హైమవతి.

ఇప్పుడేం చెయ్యాలి? గొట్టం వెనక్కి లాగేస్తే గుండెకి ప్రమాదం లేదు. కానీ తలలో అడ్డదారి అలాగే ఉంటుంది, హోరు అలాగే ఉంటుంది, ఆ చిట్లే భయమూ అలాగే ఉంటుంది. మళ్లీ అంత లోపలికి గొట్టం పంపగలనో లేదో చెప్పలేనన్నారు ప్రభంజన్ గారు. ముందుకు వెళ్తే ఆ నరం మళ్లీ రగులుతుంది. మందు పడింది కాబట్టి ఈసారి గుండె పూర్తిగా ఆగకపోవచ్చు. ఆగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

హైమవతి నా అంకె ఇంకోసారి చూసింది. "వెళ్దాం. బొట్టు బొట్టుగా తొయ్యండి. నేను ఆగమంటే ఆగాలి. కానీ నాకు దాని గొంతు కావాలి" అని నా వైపు చెయ్యి చూపించింది.

గదిలో అందరూ నా వంక చూశారు. నన్ను తయారు చేసిన నాటి నుంచి అలా ఎవరూ చూడలేదు. నా తెర తుడుచుకుని కనబడితే బాగుండుననిపించింది.

కామేశాన్ని లోపలికి పిలిచారు. గోడ గడియారం చూసి గొణిగాడు. "ఇప్పుడు రాహుకాలం మేడం. ఓ పావుగంట ఆగితే..."

"కామేశం, నువ్వు తుడుస్తావా, నేను గ్లౌజులు విప్పి రానా?" అన్నారు ప్రభంజన్ గారు.

కామేశం చేతులు జోడించి నా ముందు నిలబడ్డాడు. "తల్లీ, ఏవనుకోకు" అన్నాడు. నన్ను ఆడదాన్ని చేశాడని నాకప్పుడే తెలిసింది. బొట్టు లేకుండా ఒక్క క్షణమైనా నన్ను ఉంచడం ఇష్టంలేక, జేబులోంచి కుంకుమ పొట్లం తీసి, ముందు నా నెత్తిన ఇంకో బొట్టు పెట్టాడు. అది పెట్టాక సలోమి ఇచ్చిన సూదితో నోటి చిల్లులు ఒక్కొక్కటే పొడుస్తూ గంధం రాల్చాడు. బల్ల మీద మనిషి గుండె ఆగి లేచింది, ఇద్దరు డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు, మధ్యలో కామేశం నా పళ్లు తోముతున్నాడు. మనుషులని ఇన్నేళ్లు చూశాను గానీ ఇంతకంటే విడ్డూరం చూడలేదు.

టింగు.

గది నాలుగు మూలలా మోగింది. సలోమి ఉలిక్కిపడింది. ప్రభంజన్ గారి చెయ్యి అలవాటుకొద్దీ నా నోరు నొక్కే మీట వైపు కదిలి, మధ్యలోనే ఆగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆయన తన ఎక్స్‌రే తెర వంక చూస్తూనే చెవులు నాకప్పగించారు. వేలు ఇంత కదిపేసరికి నా టింగుల మధ్య సందు పెరిగేది. హైమవతి "ఊఁ" అనేది. వేలు ఆగేది. గుండె అలక తీరి మళ్లీ నడకలో పడగానే "కానివ్వండి" అనేది. వేలు కదిలేది. ఆయన తోయడం, నేను సాగడం, ఆవిడ ఆపడం, నేను సర్దుకోవడం. ఒక్కసారి నలభై దాకా దిగాను. ఎవరూ కంగారు పడలేదు, ఆగారు, అంతే. సన్నాయి వాయించేవాడు డోలు వైపు చెవి పెట్టినట్టు నా టింగు గిట్టని ఆ మనిషి నా వైపు చెవి పెట్టి, పనంతా పూర్తి చేశాడు. ఆఖరి ఫోటోలో ఆ అడ్డదారి లేదు.

ఆ తర్వాత ఏడాదికే నా స్థానంలో కొత్త మానిటర్ వచ్చింది. ఇప్పుడు నేను స్టోరు గదిలో, విరిగిన చక్రాల కుర్చీల మధ్య ఉన్నాను. తూకానికి అమ్మేస్తారని విన్నాను. దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు. కానీ ఆపరేషన్ అయిన ఆ సాయంత్రం సంగతి మీకు చెప్పకుండా తూకం ఎక్కలేను.

వార్డులో మానిటర్ రిపేరులో ఉందని నన్నే సూర్యచంద్రం మంచం పక్కకి తోసి, ఆయన వేలికి క్లిప్పు తగిలించారు. భార్య మంగతాయారు పక్కనే కూర్చుంది. ఆయన కళ్లు తెరిచాడు. కాసేపు అలాగే చెవి ఒగ్గి విన్నాడు. తల ఇటు తిప్పి విన్నాడు, అటు తిప్పి విన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మంగా, నేను పోయానే" అన్నాడు.

"పోయినోడివి మాట్టాడతన్నావేటి?" అంది మంగతాయారు.

"గుండి ఆగిపోయింది. సెవిలో సప్పుడు లేదు. ఏం లేదు. నన్ను ఇంటికి తీసుకుపొమ్మని బావకి కబురెట్టు."

మంగతాయారు ఆయన ముఖం మీదికి వంగి వాసన చూసింది. ఆ ద్రావకం ఒంట్లోకి వెళ్తే ఒకరోజంతా ఊపిరికి వెల్లుల్లి వాసన వస్తుంది. "పోయినోడి నోట్లోంచి ఎల్లుల్లిపాయ కంపేటి? లోపల వీళ్లు నీకు ఆవకాయన్నం ఎట్టారా?" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

హైమవతి వచ్చి నన్ను ఆయన వైపు తిప్పింది. "వినండి. ఇది మీ గుండే."

నేను గొంతు సవరించుకుని టింగు టింగుమన్నాను. ఆయన నమ్మలేదు. "నాది లోపల్నించి వత్తదండి. ఇదెవురిదో" అన్నాడు. అని వేలికున్న క్లిప్పు పీకేశాడు. నేను ఆగిపోయాను. దాన్ని మంగతాయారు వేలికి తగిలించాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను, పరుగు పరుగున, నూట పది.

"నీది ఇలా పరిగెడతందేటే?" అన్నాడు.

"పొద్దుట్నుంచీ అలాగే ఉంది" అంది ఆవిడ.

ఆయన చాలాసేపు ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదు. తర్వాత క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకున్నాడు. నేను నెమ్మదించాను. తీశాడు, పెట్టాడు. అప్పటికి నమ్మకం కుదిరింది. కళ్లు మూసుకుని నా మాట వింటూ పడుకున్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఈ మనిషి ఇక నా తాళానికే వాయిస్తాడనుకున్నాను.

క్లిప్పు లేని ఆ చేతి వేళ్లు మంచం కమ్మీ మీద కదిలాయి. ముందు బొటనవేలు, తర్వాత మిగతావి. నేను నిమిషానికి డెబ్బై రెండు చెబుతున్నాను. ఆ వేళ్లు నన్ను పట్టించుకోలేదు. ఒకచోట నాకు ముందు దూకాయి, ఒకచోట నేను వెళ్లిపోయేదాకా ఆగి తాపీగా వచ్చాయి, తిరిగి తిరిగి ఎక్కడ కలవాలో అక్కడ కలిశాయి. అప్పగింతల పాట అది, ఎంత సాగాలో అంతే సాగింది. నేను టింగు టింగుమంటూనే ఉన్నాను. నా మాట ఎవరూ వినడం లేదు. మంగతాయారు కళ్లు తుడుచుకుంటూ ఆయన వేళ్లకి తలూపుతోంది.